తెరమీఁది నీడల చరిత్రము



ఈ సాయంకాలము నేను ముచ్చటింపఁబూనిన విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. కంప్యూటరు తెరమీఁదను, చేతిఫోను తెరమీఁదను మనము నిత్యము చూచు బొమ్మలకు, ముద్రలకు, మీటలకు అడుగున మెత్తని నీడ యొకటి పఱచి యుండుట మీ రెఱుఁగుదురు. ఆ నీడను గూర్చియే నా ప్రసంగము. ఆ బొమ్మ తెల్లని పుటమీఁద నున్నంతకాలము నీడ నీడగానే యుండును. దానినే యెత్తి నల్లని పుటమీఁద నుంచితిమేని, నీడ యుండవలసిన తావున పాలిపోయిన తెల్లని మసక యొకటి, సంపూర్ణ గ్రహణకాలమున సూర్యుని చుట్టును గనఁబడు వెలుఁగువలె, బయటపడును. నీడ పడవలసినచోట దీపము వెలిఁగినట్లగును. ఈ వైపరీత్యమునకుఁ గారణ మేమి, దీనిని దిద్దు నుపాయము నెవరు కనిపెట్టిరి, కనిపెట్టిన పిమ్మట నది సామాన్యులకు అందుటకు దాదాపు ముప్పదియేండ్లు ఏల పట్టెను అను నీ మూఁడు ప్రశ్నలే నేఁటి కథ.

కంటికిఁ జూపవలసిన దానిని చెవికి వినిపింపవలసి వచ్చినది. ముప్పదియైదేండ్లు నల్లబల్ల ప్రక్కన నిలిచి పాఠము చెప్పినవానికి సుద్దముక్క లేకుండ మాటలాడుట కొంచెము కష్టమే. అందుచేత రెండు మూఁడు లెక్కలు చెప్పక తప్పదు. అవి కూడికలు, తీసివేతలు, కొంచెము గుణకారము. అంతకు మించి పోవు.

మొదట మాటను గూర్చి యొక మాట. సంస్కృతమున 'ఛాయ' యను పదమునకు నీడ యనియు, కాంతి యనియు, రంగు యొక్క పోలిక యనియుఁ గూడ అర్థములు గలవు. మన 'చామనచాయ'లోని చాయ రంగే కాని నీడ కాదు. పరస్పర విరుద్ధములుగాఁ దోఁచు వెలుఁగును నీడయు ఒక్క పదమున నిమిడియుండుట పూర్వులు ఏమఱుపాటున చేసినది కాదని నాకుఁ దోఁచుచున్నది. నేఁటి కథ యంతయు ఈ రెండర్థముల తగవే.

ఆ తగవు మన శాస్త్రములలో నెప్పుడో పుట్టినది. చీఁకటి యనునది యొక ద్రవ్యమా, లేక కేవలము అభావమా యని పూర్వము వాదము జరిగెను. నల్లగాఁ గనఁబడుచున్నది, కదలుచున్నది, రూపమును క్రియయుఁ గలది గావున తమస్సు ద్రవ్యమే యని భాట్టమీమాంసకు లనిరి. నైయాయికులు దాని నొప్పుకొనలేదు. తేజస్సు లేకపోవుటయే తమస్సు. దీపము కదలుటచే నీడ కదలినట్లు భ్రాంతి కలుగును గాని, నీడ యనునది చేతఁ బట్టుకొని యొకచోటనుండి వేఱొకచోటికిఁ గొనిపోఁదగిన వస్తువు కాదనిరి. విద్యార్థిదశలో ఈ వాదమును వల్లెవేయునప్పుడు, దీనివలన లోకమునకుఁ గలుగు ప్రయోజన మేమని మేము లోలోపల నవ్వుకొన్న మాట నిజమే. తెరమీఁది బొమ్మలవారు ఇరువదేండ్లు పడిన పాట్లన్నియు నీడను ద్రవ్యముగా నెంచి మూటగట్టుటవలన వచ్చినవే. దానిని అభావముగా గుర్తించిన నాఁడే ఆ పాట్లు తీఱినవి.

ఎట్లనఁగా వినుఁడు. తెర యనునది లక్షలకొలఁది చుక్కల సమూహము. చుక్కకు పిక్సెలని పేరు. ప్రతిచుక్కకును ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూఁడు వెలుఁగుల పాళ్లు సంఖ్యలతో నిర్ణయింపఁబడును. ఒక్కొక్క సంఖ్య 0 మొదలు 255 వఱకు నుండవచ్చును. మూఁడును 0 ఐనచో నలుపు. మూఁడును 255 ఐనచో తెలుపు. మూఁడును సమానముగా నడుమ నెక్కడనో యున్నచో బూడిదరంగు. ఇప్పుడు 255 గల తెల్లని పుటమీఁద, వెలుఁగులో సగము హరించు నీడ పడినదనుకొందము. అక్కడి చుక్క సుమారు 128 అగును, బూడిదరంగుగాఁ గనఁబడును. సరే. మన పుట నల్లనిదై, దాని సంఖ్య 32 అనుకొందము. అక్కడ ఆ సగపు నీడయే పడినచో చుక్క 16 కావలెను. కాని బొమ్మను తెల్లపుటమీఁద తయారుచేసినవాఁడు మన చేతి కిచ్చినది 'సగము' అను భావమును కాదు, 128 అను బూడిదచుక్కను. 32 నడుమ 128 నిలిచినచో నది నీడ యెట్లగును? ఆ 128లో సగము నీడయే కాని, తక్కిన సగము పుట్టినింటి తెలుపు.

లెక్క తెలిసిన శ్రోతలు కొందఱు ఇక్కడ నొక యాక్షేపము చెప్పఁగలరు. తెరమీఁది సంఖ్యలు కాంతికి నేరుగా అనుపాతములు కావు. 128 అను సంఖ్య వెలువరించు కాంతి 255 వెలువరించు కాంతిలో సగము కాదు, సుమారు ఐదవవంతు మాత్రమే. ఆ మాట సత్యము. ఐనను వెబ్ పుటలమీఁద బొమ్మలను గలుపునప్పుడు సాధారణముగా ఈ సంఖ్యలనే యున్నవి యున్నట్లు గలుపుదురు గావున, మన ప్రసంగమునకు ఈ లెక్కయే చాలును.

సినిమావారికి ఈ చిక్కు కంప్యూటరువారికంటె ముందే యెదురైనది. ఒకచోటఁ దీసిన నటుని వేఱొక దృశ్యమున నిలుపవలెనన్నచో, నటుని యాకారమునకు సరిపోవు నల్లని ముసుఁగొకటి కావలెను. నటుఁడు కదలినకొలఁది ముసుఁగును గదలవలెను. అమెరికాలో ఫ్రాంక్ విలియమ్స్ అను నతఁడు ఇట్టి కదలెడు ముసుఁగునకు 1918లో పేటెంటు పొందెను. ఐతే గట్టియంచు గల వస్తువునకు ముసుఁగు వేయుట యొక యెత్తు, పొగకును తలవెండ్రుకలకును గాజుపాత్రకును వేయుట వేఱొక యెత్తు. ఇవి సగము అడ్డి సగము విడుచును. 1959 నాఁటి బెన్‌హర్ చిత్రము కొఱకు పెట్రో వ్లాహోస్ అను నింజనీరు నీలితెరమీఁద రంగుల భేదమును లెక్కించి, అట్టి యర్ధపారదర్శక వస్తువులను గూడ నిలువఁగల పద్ధతిని సిద్ధపఱచెను. మన దేశమునను కటకమున కొకభాగము కప్పి, ఫిల్మును వెనుకకుఁ ద్రిప్పి, తక్కిన భాగమును మరలఁ దీయు విద్య ఆ కాలపు కెమెరాపనివారికిఁ దెలిసినదే. 1957లో కె.వి. రెడ్డిగారు తీసిన మాయాబజారులో మార్కస్ బార్ట్లీగారు కెమెరాతోఁ బన్నిన మాయలను తెలుగువారు నేఁటికిని మఱవలేదు. అవన్నియు కంటితోఁ జూచి, చేతితోఁ గొలిచి, అనుభవముచేత సాధించినవి. అందు సంఖ్య యనునది లేదు.

సంఖ్య 1977లో వచ్చెను. న్యూయార్కు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ యను విద్యాలయమున ఎడ్ క్యాట్మల్, ఆల్వీ రే స్మిత్ అను నిద్దఱు కంప్యూటరు చిత్రములను గూర్చి పరిశోధన సలుపుచుండిరి. ఆ కాలపు యంత్రములు మిక్కిలి మందగతివి. ఒక్కొక్క బొమ్మను లెక్కించుటకే చాలకాలము పట్టెడిది. ఆ బొమ్మనే వేఱొక నేపథ్యముమీఁదఁ జూడవలెనన్నచో మొదటినుండి మరల లెక్కింపవలసి వచ్చెడిది. అప్పుడు వారికి తోఁచిన యుపాయము చూడుఁడు. ప్రతిచుక్కకును ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూఁడు సంఖ్యలతోఁ బాటు నాలవ సంఖ్య యొకటి చేర్చిరి. ఈ నాలవది రంగు కాదు. ఆ చుక్క తన వెనుకనున్న దానిని ఎంతవఱకు మూయును, ఎంతవఱకు విడుచును అను దానికి కొలత. దానికి గ్రీకు వర్ణమాలలోని మొదటి యక్షరమైన 'ఆల్ఫా' యను పేరు పెట్టిరి. రెండు రాసుల నడుమ అంతరమును సాధించు గణితసూత్రమున ఆ యక్షరము వాడుకలో నుండుటయే అందులకుఁ గారణము.

ఆల్ఫా 1 ఐనచో చుక్క గోడవలె మూయును. 0 ఐనచో అచట నేమియు లేనట్లే. నడుమ నున్నచో ఏమి చేయవలెను? పైబొమ్మ రంగును ఆల్ఫాతో గుణింపుము. అడుగు రంగును, ఒకటిలో ఆల్ఫా పోఁగా మిగిలిన పాలుతో గుణింపుము. రెంటిని గూడుము. సూత్రమంతయు నింతే. దీనిని నీడకు వర్తింపఁజేసి చూడుఁడు. నీడ రంగు నలుపు, అనఁగా 0. సున్నను దేనితో గుణించినను సున్నయే. కావున పైబొమ్మనుండి వచ్చున దేమియు లేదు. అడుగున నున్న వెలుఁగులోఁ గొంతపాలు తీసివేయఁబడుటయే మిగిలినది. అడుగు 255 ఐనచో 128, అడుగు 32 ఐనచో 16. పుట తెల్లనిదైనను, నల్లనిదైనను, పచ్చనిదైనను నీడ తన పని తాను సరిగా చేయును. నైయాయికుల మాటను ఒక్క గుణకారమున నిరూపించినట్లైనది. క్యాట్మల్, స్మిత్ అను వీరిద్దఱు తర్కసంగ్రహమును చదివిరని నే ననుట లేదు సుమా!

తరువాత 1984లో లూకస్‌ఫిల్మ్ సంస్థలోని థామస్ పోర్టర్, టామ్ డఫ్ అను వారు ఈ కలుపు విధానమునకు వ్యాకరణము వంటి దొకటి వ్రాసిరి. రంగును ఆల్ఫాతో ముందే గుణించి దాఁచుకొన్నచో లెక్క సులభమగుననియు, బొమ్మలు ఎన్నియైనను ఒకదానిపై నొకటి పేర్చిన వెనుక ఫలితము చెడదనియు వారు చూపిరి. ముందే గుణించుటలో నొక సూక్ష్మము గలదు. దానిని కొంచెము సేపటికి చెప్పెదను. ఈ నలువురకును 1996లో అమెరికా చలనచిత్ర అకాడమీవారు శాస్త్రసాంకేతిక పురస్కార మొసఁగి గౌరవించిరి.

ఇంతవఱకు విన్నవారికి కథ ముగిసినట్లు తోఁపవచ్చును. విద్వాంసులకు ముగిసినది, సామాన్యులకు మొదలు కాలేదు. 1987లో కంప్యూసర్వ్ అను అమెరికా సంస్థలో స్టీవ్ విల్‌హైట్ అను నతని యాధ్వర్యమున 'జిఫ్' అను బొమ్మల రూప మొకటి వెలువడెను. దానిని 'జిఫ్' అనవలెనా 'గిఫ్' అనవలెనా యను వివాదము నేఁటికిని గలదు. నిర్మాత యగు విల్‌హైట్ 2013లో 'జిఫ్' అనియే నిర్ణయము చెప్పెను గావున మన మదే యందము. టెలిఫోను తీఁగలు మందముగా నడచు ఆ దినములలో చిన్నదిగా మడిచి పంపఁదగిన రూపము కావలెను. అందుచే ఒక్కొక్క బొమ్మలో 256 రంగులకు మించి యుండరాదని యేర్పాటు చేసిరి. పిమ్మట 89ఎ అను పేరుతో వచ్చిన సవరణలో ఆ రంగులలో నొకదానిని 'ఇది పారదర్శకము' అని గుర్తుపెట్టు సదుపాయము చేర్చిరి. ఆ రంగున్న చుక్క కనఁబడదు. దాని వెనుక పుట కనఁబడును. తక్కిన చుక్కలన్నియు పూర్తిగా గోడలే. సగము అను మాటకు అందు చోటు లేదు. ఉన్నది, లేదు. అంతే.

1993లో వచ్చిన మొజాయిక్ అను బ్రౌజరులో పుటలన్నియు బూడిదరంగువి. పుటకు కోరిన రంగు వేయు స్వాతంత్ర్యము 1995లో నెట్‌స్కేప్ బ్రౌజరుతో వ్యాపించినది. రంగురంగుల పుటలు వచ్చిన వెంటనే జిఫ్ బొమ్మల లోపము బయటపడెను. గుండ్రని బొమ్మ అంచున మెట్లు మెట్లుగా పండ్లు బయలుదేఱును. ఆ మెట్లను కప్పుటకు అంచున నడిమిరంగు చుక్కలు పెట్టినచో, ఆ నడిమిరంగు ఏ పుటకు నడిమిరంగు? తెలుపునకా, నలుపునకా? ముందే నిర్ణయించుకొనవలెను. బొమ్మలు చేయు సాధనములలో దీనికై ఒక గడి యుండెడిది. అందు పుట రంగు చెప్పినచో అంచులను, నీడలను ఆ రంగుతోఁ గలిపి యిచ్చెడిది. అనఁగా బొమ్మను ఆ పుటకు పెండ్లి చేసి పంపుటయే. వేఱొక పుటకు పంపినచో పాతయింటి రంగును అంచున మోసికొని వచ్చును.

స్ఫటికము ప్రక్కన మందారపువ్వు నుంచినచో స్ఫటికము ఎఱ్ఱగాఁ గనఁబడునని వేదాంతులు దృష్టాంతము చెప్పుదురు గదా. పువ్వును తీసివేసినచో స్ఫటికము మరల స్వచ్ఛమగును. అదే దాని స్వభావము. జిఫ్ బొమ్మ యట్టిది కాదు. పువ్వును తీసివేసినను ఎఱుపు పోని స్ఫటిక మది. దానిని పారదర్శకమనుట పేరునకు మాత్రమే.

తెలుగువారికి ఈ బాధ కొంచెము హెచ్చుగానే తగిలినది. యూనికోడు వ్యాపించుటకు పూర్వము తెలుగు శీర్షికలను, సంస్థల పేర్లను అక్షరములుగాఁ గాక బొమ్మలుగాఁ జేసి పుటలలో నంటించు వాడుక యుండెను. మన లిపి దాదాపుగా వంపులమయము. ఇంగ్లీషువారి లిపిలోవలె నిట్టనిలువు గీఁతలు మనకుఁ దక్కువ. నిలువు గీఁతకు అంచున మెట్లు పడవు, వంపునకుఁ బడును. 'ణ', 'ఖ', 'ఱ' వంటి యక్షరములు చిన్నవిగాఁ జేయఁగా సుడులు పూడి, అంచులు కొఱికినట్లయ్యెడివి. నా పూర్వశిష్యుఁడొకఁడు హైదరాబాదున నొక సంస్థలో ఇట్టి బొమ్మలు చేయు పనిలో నుండెను. 2004 ప్రాంతమున నొక గ్రంథాలయపు పుటలకై శీర్షికలన్నియు నీడలతో సహా తెల్లని పుటకుఁ దగినట్లు చేసి యిచ్చిన తరువాత, ఆ సంస్థ యజమాని ముదురు నీలిపుట బాగుండునని తలఁచి ఒక్కమాటలో రంగు మార్చెను. మఱునాఁటికి ప్రతి తెలుగక్షరము చుట్టును తెల్లని బూజు పట్టినట్లు కనఁబడెనఁట. యజమానికి కారణము తెలియదు. పనివాని యజాగ్రత్త యనుకొనెను. మూలచిత్రములు కొన్ని యప్పటికే పోయి యుండుటచే వానిని మొదటినుండి వ్రాయవలసి వచ్చెను. వారము దినములు ఇంటికి పోలేదని చెప్పుచు అతఁడు నవ్వెను గాని, నాకు నవ్వు రాలేదు. ఇరువదియేడేండ్లకుఁ బూర్వమే పరిష్కారము తెలిసిన చిక్కు అది.

మఱి యా పరిష్కారము ఏల రాలేదు? రాకపోలేదు, వచ్చినది. వచ్చిన విధము విచిత్రము. జిఫ్ బొమ్మలను మడచుటకు వాడు ఎల్.జడ్.డబ్ల్యూ. అను గణితోపాయముమీఁద యూనిసిస్ అను సంస్థకు అప్పుడు పేటెంటు ఉండెను. దానిని వాడు సాఫ్ట్‌వేరు నిర్మాతలు రుసుము చెల్లింపవలెనని 1994 డిసెంబరు తుదిని ప్రకటన వెలువడెను. కోపించిన వారు ఊరకుండక, 1995 జనవరి మొదట థామస్ బౌటెల్ అను నతఁడు క్రొత్తరూప మొకటి ప్రతిపాదింపఁగా, పలుదేశముల వారు ఉత్తరప్రత్యుత్తరములతోనే దానిని పూర్తిచేసిరి. అదియే పి.ఎన్.జి. దానిని 'పింగ్' అని పలుకవలెనని నిర్మాతల యభిమతము. 1996 అక్టోబరు 1న వెబ్ ప్రమాణముల సంస్థ యగు డబ్ల్యూ3సి దానిని ఆమోదించెను. నీడల బాధ తీర్చుటకై పుట్టినది కాదు అది. రుసుము బాధ తప్పించుకొనుటకై పుట్టినది. ఐనను చేయువారు ఎట్లును చేయుచున్నారము గదా యని, 1977 నాఁటి నాలవ సంఖ్యను పూర్ణముగా నందుఁ జేర్చిరి. ఒక్కొక్క చుక్కకు పారదర్శకత్వమున 256 మెట్లు. మెత్తని నీడకు కావలసిన దింతే.

ఇఁక బ్రౌజరులు దానిని చూపవలెను. ఇక్కడనే పదియేండ్లు పోయినవి. మైక్రోసాఫ్టువారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 1997లో తన నాలవ కూర్పున పి.ఎన్.జి. బొమ్మలను తెఱచుటకు నేర్చినది గాని, నాలవ సంఖ్యను సరిగా గ్రహింపదయ్యెను. నీడయు, నీడ చుట్టునున్న ఖాళీచోటును బూడిదరంగు పెట్టెగాఁ గనఁబడెడిది. చిత్రమేమనఁగా, ఆ సంస్థయే మాకింటోషు యంత్రములకై 2000 మార్చిలో వెలువరించిన అయిదవ కూర్పు ఈ పని చక్కఁగా చేసెను. చేయుట తెలియదని యనుటకు వీలులేదు. ఐనను 2001లో విండోస్ ఎక్స్‌పీతోఁ గూడ లోకమంతట వ్యాపించిన ఆఱవ కూర్పున ఆ లోప మట్లే యుండెను. అప్పటికి నెట్‌స్కేప్ చితికిపోయినది. పదిమందిలో తొమ్మిదిమందికిఁ బైగా చేతనున్నది ఎక్స్‌ప్లోరరే. పోటీదారుఁడు లేని యింట దిద్దుబాటు మందగించునని నా యభిప్రాయము. ఇతరులు వేఱు కారణములు చెప్పవచ్చును. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ మొదటి కూర్పు వెలువడి, జనులు దానివైపు మొగ్గిన పిమ్మట, 2006 అక్టోబరున వచ్చిన ఏడవ కూర్పులో లోపము దిద్దఁబడెను.

ఈ నడుమ పనివారు పడిన యవస్థలు చెప్పఁబూనినచో తెల్లవాఱును. 2000లో వచ్చిన అయిదున్నర కూర్పునుండి ఎక్స్‌ప్లోరరులో ఆల్ఫాఇమేజ్‌లోడర్ అను ప్రత్యేకయంత్ర మొకటి యుండెను. దాని ద్వారా బొమ్మను పంపినచో నీడ సరిగాఁ గనఁబడెడిది గాని, బొమ్మను పలకలవలె మరల మరల పఱచుటకు అది యొప్పుకొనెడిది కాదు. కొందఱు నీడను తొమ్మిది ముక్కలుగాఁ గోసి, పట్టికలోని గడులలో నొక్కొక్క ముక్కను పేర్చి, నడుమ బొమ్మ నుంచెడివారు. కొందఱు నీడను చుక్కలు చుక్కలుగా, నొకటి విడిచి యొకటి, జల్లెడవలెఁ జేసెడివారు. దూరమునుండి చూచినచో మెత్తగా నుండెడిది. నా మట్టుకు ఈ చివరి యుపాయమే మెచ్చఁదగినది. ఉన్నది, లేదు అను రెండు మాటలే తెలిసిన యంత్రముచేత 'సగము' అనిపించినది గదా. 2011 మార్చిలో మైక్రోసాఫ్టువారే ఆఱవ కూర్పును విడువుఁడని జనులను వేఁడుకొనుచు ప్రత్యేకముగా నొక పుట తెఱచిరి. ఎక్స్‌ప్లోరరు వంశమంతయు 2022 జూనులో విరమింపఁజేయఁబడినది.

ముందే గుణించుటలో సూక్ష్మమున్నదంటిని. పి.ఎన్.జి. రూపము రంగును గుణింపక, ఆల్ఫాను వేఱుగా దాఁచును. అందుచే పూర్తిగా కనఁబడని చుక్కకుఁ గూడ లోపల నొక రంగు గుప్తముగా నుండును. సాధారణముగా అది తెలుపో నలుపో. ఆ బొమ్మను చిన్నదిగాఁ జేయునప్పుడు ఇరుగుపొరుగు చుక్కల సంఖ్యలకు సగటు కట్టుదురు. తెలివితక్కువ సాధనము ఆల్ఫాను చూడక సగటు కట్టినచో, కనఁబడని చుక్కలోని గుప్తమైన తెలుపు కనఁబడు చుక్కలోనికి కాఱును. మరల తెల్లని అంచు! ముందే గుణించినచో, కనఁబడని చుక్క రంగు సున్న యగును గావున కాఱుట కేమియు నుండదు. నేఁడును నల్లపుటలమీఁద తెల్లని యంచు కనఁబడినచో రెండు కారణములలో నొకటి యుండును: తెల్లపుటమీఁద తయారై వచ్చుటయో, గుప్తవర్ణము కాఱుటయో. మొదటిది బొమ్మ చేసినవాని దోషము, రెండవది సాధనపు దోషము. పనివానిని మందలించుటకు ముందు ఇది విచారింపవలెను.

పాతబొమ్మలకు చికిత్స కలదా యనఁగా కలదు. నీడ ఉత్త నలుపే యైనచో సులభము. తెల్లపుటమీఁద 191గాఁ గనఁబడు చుక్క వెలుఁగులో నాలవవంతు హరించినది. కావున దానిని తుడిచి, నలుపుగా వ్రాసి, ఆల్ఫా నాలవవంతుగా పెట్టవలెను. 255 ఉన్నచోట ఆల్ఫా సున్న. బొమ్మకు రంగుకూడ నున్నచో ఒక్క ప్రతి చాలదు. రంగును ఆల్ఫాయు రెండును తెలియరానివే. రెండు తెలియని రాసులకు రెండు సమీకరణములు కావలెను. 1996లో ఆల్వీ రే స్మిత్, జేమ్స్ బ్లిన్ అనువారు దీనిని శాస్త్రీయముగా నిరూపించిరి. ఒకే వస్తువును తెలుపుమీఁద నొకసారి, నలుపుమీఁద నొకసారి చూచినచో చాలును. తెలుపుమీఁద 200గాను, నలుపుమీఁద 72గాను కనఁబడిన చుక్కను తీసికొనుఁడు. భేదము 128. అనఁగా వెనుకటి వెలుఁగులో సగము దాఁటి వచ్చుచున్నది, ఆల్ఫా సగము. నలుపుమీఁదఁ గనఁబడిన 72 ఆ చుక్క రంగులో సగమే. కావున నిజమైన రంగు 144. ఇంటిలో నొక రంగైన పిల్లవాఁడు వీధిలో నెట్లుండునో చూచినఁ గాని వాని గుణము తేలదని తల్లిదండ్రులకు నేను చెప్పుచుండెడి మాట ఇక్కడ జ్ఞప్తికి వచ్చుచున్నది.

నీడను బొమ్మలో నుంచు నక్కఱయే నేఁడు చాలవఱకు తీఱినది. ఇంత మసక, ఇంత దూరము, ఇంత నలుపు అని పుట వ్రాయువాఁడు ఒక్క పంక్తిలో నాజ్ఞాపించినచో బ్రౌజరే నీడను గీయును. ఫైర్‌ఫాక్స్ 2009లోను, ఎక్స్‌ప్లోరరు 2011లో వచ్చిన తొమ్మిదవ కూర్పునను దీనిని నేర్చినవి. ఐతే పాతముద్రలకు మరల నొక పరీక్ష వచ్చెను. 2018లో ఆపిల్‌వారి మాక్ యంత్రములకును, 2019లో ఐఫోనులకును ఆండ్రాయిడు ఫోనులకును నల్లరంగు వేషము వచ్చినది. చూచువాఁడు కోరినచో పుట నల్లనగును, కోరినచో తెల్లనగును. పుట రంగు ఇదియే యని ముందు చెప్పఁదగిన వాఁడు ఇప్పుడెవ్వఁడును లేఁడు. ఇరువదియేండ్ల క్రిందట తెల్లపుటకు పెండ్లియైన బడుల ముద్రలు, గ్రంథాలయముల ముద్రలు, దేవాలయముల చిత్రములు రాత్రివేళ చేతిఫోనులలో తెల్లని యంచులతో నేఁడు కనఁబడుచున్నవి. వానిలో పెక్కింటికి మూలచిత్రములు లేవు.

నల్లపుటమీఁద వేఱొక చిక్కుకూడఁ గలదు. నీడ అభావమని యొప్పుకొంటిమి. వెలుఁగే లేనిచోట దాని యభావ మెట్లు తెలియును? 2019లో గూగులువారు నల్లని వేషమునకు అడుగురంగుగా సూచించిన సంఖ్య 18. దానిమీఁద సగపు నీడ పడినచో 9. 18 నడుమ 9 ఎవని కంటికిఁ దెలియును? లెక్క సరియైనదే, నీడ సరిగానే పడినది, కాని చూచువాఁడు లేఁడు. అందుచే వారు నీడ నట్లే యుంచి, దానికిఁ దోడుగా, పైకి లేచిన పలకమీఁద పలుచని తెలుపు పూయుమనిరి. కొంచెము లేచిన దానికి నూటికి 5 పాళ్లు, అన్నింటికంటె పైనున్న దానికి నూటికి 16 పాళ్లు. అడుగు 18 ఐనచో మొదటి పలక సుమారు 30గాను, చివరి పలక సుమారు 56గాను కనఁబడును. తెల్లపుటమీఁద ఎత్తును క్రిందిపలక నీడ చెప్పును; నల్లపుటమీఁద పైపలక వెలుఁగు చెప్పును.